ఇంటి కంప్యూటరు – దానంతటది వచ్చు అప్డేటులు

మన సత్తుపల్లిలోను, చుట్టుపట్ల గ్రామములలోను కంప్యూటరుగల ఇండ్లు నానాటికి హెచ్చుచున్నవి. దానితోపాటు తలిదండ్రులు మమ్మడుగు ప్రశ్నయు నొకటి హెచ్చుచున్నది. "పిల్లవాడు పాఠము వ్రాసికొనుచుండగా యంత్రము తనంతట తానే ఆగి మరల మొదలగుచున్నది, గంటసేపు తెరపై చక్రము తిరుగుచున్నది, ఈ అప్డేటులను శాశ్వతముగా ఆపివేయుటకు ఉపాయమేమి?" అని వారి ప్రశ్న. ఉపాయములు లేకపోలేదు. కాని వానిని ఆపివేయవలదనియు, అవి వచ్చు వేళను మాత్రము మన చేతిలోనికి తెచ్చుకొనవలెననియు మా అభిప్రాయము. మన ఇండ్లలో నెక్కువగా కనబడునది విండోస్ గావున దానినిగూర్చియే వ్రాయుచున్నాము.

ఆపరేటింగ్ సిస్టమనగా కంప్యూటరులోని సమస్త భాగములచేతను పనిచేయించు మూల ప్రోగ్రాము. అది కోట్లకొలది పంక్తులుగల వ్రాత. మనుష్యులు వ్రాసినది గనుక అందు తప్పులుండక మానవు. వానిలో కొన్ని నిరపాయములు. కొన్ని దొంగకు దారి యిచ్చునవి. అట్టి తప్పు బయటపడినప్పుడు దానిని పూడ్చుటకై పంపబడునదే అప్డేటు. బేతుపల్లి పెద్ద చెఱువు కట్టలో ఊట కనబడినచో వానలకు ముందే మట్టివేసి గట్టిచేయుదురు గదా, ఇదియు నట్టిదే. అయితే ఒక భేదము గలదు. దీనిని పలువు రెఱుగరు. కట్టకు మట్టి వేసిన సంగతి నీటికి తెలియదు. అప్డేటు వెలువడగానే మాత్రము దుర్మార్గులు దానిని పాత ప్రోగ్రాముతో పోల్చిచూచి, రంధ్ర మెచ్చట నుండెనో గ్రహింతురు. కావున అప్డేటు వెలువడిన పిదప దానిని వేసికొనని యంత్రమునకు పూర్వముకంటె హెచ్చు అపాయము.

2017వ సంవత్సరపు వృత్తాంత మిందులకు నిదర్శనము. విండోస్‌లోని యొక లోపమును పూడ్చు అప్డేటును మైక్రోసాఫ్టువారు ఆ సంవత్సరము మార్చి 14వ తేదీన విడుదల చేసిరి. ఏప్రిల్ నెలలో ఆ లోపముద్వారా చొరబడు సాధనము ఇంటర్నెట్టున బహిరంగమయ్యెను. మే 12వ తేదీన 'వన్నాక్రై' యను దుష్ట ప్రోగ్రాము ఆ దారినే ప్రవేశించి, ఫైళ్లకు తాళమువేసి, తాళము తీయవలెనన్న 300 డాలర్లు చెల్లింపుడని తెరపై వ్రాసెను. సుమారు 150 దేశములలో 2 లక్షలకు పైగా యంత్రములు చిక్కుకొనెను. ఇంగ్లండులోని ఆసుపత్రులు కొన్ని రోగులను వెనుకకు పంపవలసివచ్చెను. మన పొరుగున ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని ఇదే వాతబడెను. 2014 ఏప్రిల్ 8వ తేదీతో అప్డేటు లాపివేసిన విండోస్ ఎక్స్‌పీకి సహితము మైక్రోసాఫ్టువా రా ఆపదలో ప్రత్యేకముగా నొక అప్డేటు నీయవలసివచ్చెను. మందు రెండు మాసములకు ముందే సిద్ధముగా నుండినను, వేసికొననివారు వేలకొలది యుండిరి. వారిలో ననేకులు మన తలిదండ్రులవలెనే "పనికి అడ్డము" అని వాయిదా వేసినవారే యై యుందురు.

అట్లని అప్డేటులన్నియు నిర్దోషములని మేమనము. 2018 అక్టోబరులో వెలువడిన విండోస్ 10 యొక్క పెద్ద అప్డేటు కొందఱి వ్రాతలను, ఛాయాచిత్రములను తుడిచివేసెను. మైక్రోసాఫ్టువారు దానిని కొలది దినములలోనే నిలిపి, సరిదిద్ది, నవంబరు 13వ తేదీన మరల విడుదల చేసిరి. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రయిక్ అను వేరొక సంస్థవారి రక్షణ ప్రోగ్రామునకు వచ్చిన అప్డేటు దోషముచే సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెర చూపి నిలిచిపోయెను. ఆ దినమున హైదరాబాదు విమానాశ్రయమున ఒక ప్రయాణికునకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసు నిచ్చిరి. దాని ఛాయాచిత్రమును లోకమంతయు చూచెను. ఆ దోషము సంస్థల యంత్రములకు తగిలినదే కాని సామాన్య గృహములకు కాదు. అయినను క్రొత్త అప్డేటును మొదటి గడియలోనే వేసికొనవలెనను ఆత్రము మనకు వలదని దానివలన తెలియుచున్నది. కొలది దినములు ఆగుట వివేకము. మాసములకొలది ఆగుట వేరు సంగతి.

ఈ అప్డేటులకు ఒక వేళ గలదు. 2003 నుండియు మైక్రోసాఫ్టువారు ప్రతి మాసము రెండవ మంగళవారమున వీనిని విడుదల చేయుచున్నారు. అమెరికా పశ్చిమ తీరమున ఉదయము 10 గంటలగునప్పుడు మనకు రాత్రి 10½ గంటలు. అచ్చటి శీతకాలపు లెక్కను 11½ గంటలు. 2014లో ఆ సంస్థకు అధిపతియైన సత్య నాదెళ్లగారు హైదరాబాదున జన్మించినవారే. గడియారము మాత్రము అమెరికాదే. కావున మనకు బుధవారము ఉదయమున కంప్యూటరు తెఱచినది మొదలు డౌన్‌లోడు ఆరంభమగును. ఆ వారములో పరీక్షకు దరఖాస్తు పంపవలసిన పని యున్నచో ముందుగానే జాగ్రత్తపడవచ్చును.

ఇక పద్ధతి. 'సెట్టింగ్స్' తెఱచి 'విండోస్ అప్డేట్' అను చోటికి పోవలెను. అచ్చట 'పాజ్ అప్డేట్స్' అను మీట గలదు. దీనిచే అప్డేటులను వారము దినములు నిలుపవచ్చును. ఇండ్లలో వాడు హోమ్ రకమునకు 2019లో ఈ సౌకర్యమును 35 దినముల పరిమితితో నిచ్చిరి. తరువాత 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో 'యాక్టివ్ అవర్స్' అని యుండును. అనగా మీరు పనిచేయు గంటలు. ఉదయము 6 మొదలు రాత్రి 11 వరకు అని వ్రాసికొన్నచో ఆ వేళలో యంత్రము తనంతట తాను మరల మొదలుకాదు. 18 గంటలకు మించి వ్రాయ వీలులేదు. పిల్లవాని పాఠము నడుమ ఆగుట యను బాధకు ఈ యొక్కటియే చాలవఱకు మందు.

ఫోను హాట్‌స్పాట్‌తో కంప్యూటరు నడుపు ఇండ్లు మన ప్రాంతమున మెండు. వారికి దినమునకు లభించు డేటా అంతయు అప్డేటే మ్రింగివేయును. అట్టివారు ఆ వైఫై వివరములలో 'మీటర్డ్ కనెక్షన్' అను మీటను నొక్కవలెను. అప్పుడు పెద్ద డౌన్‌లోడులు చాలవఱకు ఆగును. కాని నెల కొకమారు బంధువుల యింటగాని పాఠశాలయందుగాని మంచి కనెక్షను దొరకినప్పుడు వానిని తప్పక దింపుకొనవలెను. లేనిచో ఆ మీటయే శాశ్వత నిషేధమగును.

వేసవి గాలివానలలో కరెంటు పోవుట మన కనుభవమే. అప్డేటు నడుచుచుండగా కరెంటు పోయినచో యంత్రము చెడు నవకాశము గలదు. కావున మబ్బు పట్టిన సాయంకాలమున దానిని మొదలుపెట్టరాదు. ల్యాప్‌టాపునైనను ఛార్జరు తగిలించియే యుంచవలెను. అంతకు ముందు ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవునకు ఎక్కించుకొనుట మంచిది. 2018లో నష్టపడినవారిలో నట్లు చేసినవారికి దుఃఖము లేకపోయెను. షట్‌డౌను చోట 'అప్డేట్ అండ్ షట్ డౌన్' అని కనబడిన రాత్రి, మఱునాటి ఉదయమున తొందరపని లేకున్నచో, దానినే నొక్కి నిద్రింపవచ్చును.

కొందఱు నేర్పరులు 'సర్వీసెస్' జాబితాలో చొచ్చి అప్డేటు సర్వీసునే నిలుపుదురు. అది తరచుగా మరల లేచును. లేవకున్నచో మఱియు చెడుగు, ఏలయన యంత్రము తెఱచియున్నదని హెచ్చరించువాడే లేకపోవును.

విండోస్ 10కి సాధారణ అప్డేటులు 2025 అక్టోబరు 14వ తేదీతో ఆగినవి. అటుపిమ్మట భద్రతా అప్డేటులు కావలెనన్నవారు ప్రత్యేకముగా నమోదు చేసికొనవలెనని మైక్రోసాఫ్టువారు ప్రకటించిరి. విండోస్ 11కు సరిపోని పాత యంత్రములుగలవారు ఉబుంటు వంటి ఉచిత లినక్స్ నెక్కించుకొనవచ్చును; పాఠములు వ్రాయుటకును, పుస్తకములు చదువుటకును అది చాలును. ఈ రెంటిలో నేదియు చేయనివారు ఆ యంత్రముపై బ్యాంకు పనులు మాత్రము చేయకుందురుగాక. వెబ్‌సైటులో హఠాత్తుగా తోచి "మీ విండోస్ పాతబడినది, ఇచ్చట నొక్కుడు" అను ప్రకటనను ఏ యంత్రమందును నొక్కరాదు. నిజమైన అప్డేటు 'సెట్టింగ్స్' లోనుండియే వచ్చును; దానికై ఎవరును ఫోను చేయరు.