విఫలమైన దంత ఇంప్లాంటు - పునఃస్థాపన: తెలుగు వివరణలో స్పష్టత ఆవశ్యకత

సారాంశం:
దవడ ఎముకలో నాటిన ఇంప్లాంటు విఫలమైనప్పుడు దానిని తొలగించి మరొకటి అమర్చే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. వాడుకలోని 'పన్ను ఊడింది' అన్న ఒక్క మాట భిన్నస్థితులను సూచించడం వల్ల రోగి సమ్మతికి కలిగే లోపాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: ఇంప్లాంటు, పునఃస్థాపన, వైద్యపరిభాష, రోగి సమ్మతి.

1. ఉపోద్ఘాతం:
'పళ్లు కట్టించుకోవడం' తెలుగులో స్థిరపడిన పలుకుబడి. కట్టుడు పన్ను చిగురు మీదనో, పక్కపళ్ల ఆధారంతోనో నిలుస్తుంది. ఇంప్లాంటు ఎముకలోనే నిలుస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త పెర్-ఇంగ్వార్ బ్రొనెమార్క్ 1950లలో కుందేళ్లపై పరిశోధన చేస్తూ టైటానియం ఎముకతో గట్టిగా కలిసిపోవడాన్ని గమనించారు. 1965లో తొలిసారి ఒక రోగి దవడలో ఇటువంటి ఇంప్లాంట్లను అమర్చారు. ఈ అనుసంధానం ఏర్పడకపోయినా, ఏర్పడి చెడినా ఇంప్లాంటు నిలువదు.

2. 'ఊడింది' - అర్థసందిగ్ధత:
ఇంప్లాంటు పన్నులో ప్రధానంగా మూడు భాగాలుంటాయి: ఎముకలో నాటిన మరమేకు వంటి ఇంప్లాంటు, దానిపై నిలిచే ఆధారం, పైకి కనిపించే తొడుగు. ఈ తొడుగునే వాడుకలో 'క్యాప్' అంటారు. తొడుగు ఊడితే సాధారణంగా తిరిగి అతికిస్తారు. ఆధారాన్ని పట్టి ఉంచే స్క్రూ వదులైతే బిగిస్తారు. ఎముకలోని ఇంప్లాంటే కదిలితే దానిని తొలగించవలసిందే. రోగి ఈ మూడింటినీ 'ఊడింది', 'కదులుతోంది' అనే చెబుతాడు. వైద్యుడు కూడా 'మళ్లీ వేద్దాం' అని ఊరుకుంటే, జరగబోయేది మరమ్మతో మరో శస్త్రచికిత్సో రోగికి తెలియదు.

3. వైఫల్యం - కారణాలు:
ఎముకతో కలవకముందే ఇంప్లాంటు వదులు కావడం తొలిదశ వైఫల్యం. శస్త్రచికిత్సలో ఎముక అతిగా వేడెక్కడం, ఇన్ఫెక్షన్, తగిన స్థిరత్వం లేకపోవడం దీనికి కారణాలు. కొంతకాలం పనిచేశాక చుట్టూ వాపు వచ్చి ఎముక కరిగిపోవడం, నమిలే ఒత్తిడి మితిమీరడం మలిదశ వైఫల్యానికి దారితీస్తాయి. పొగతాగడం, అదుపులో లేని మధుమేహం, పూర్వపు చిగుళ్లవ్యాధి ముప్పును పెంచుతాయి.

4. పునఃస్థాపన క్రమం:
వదులైన ఇంప్లాంటును వెనక్కి తిప్పి తీస్తారు. ఎముకను ఇంకా పట్టుకొని ఉంటే ప్రత్యేక పరికరాలు అవసరమవుతాయి. తరువాత వ్యాధిగ్రస్త కణజాలాన్ని శుభ్రపరుస్తారు. ఇన్ఫెక్షన్ లేక, ఎముక చాలినంత ఉంటే కొన్ని సందర్భాల్లో అప్పుడే కొత్తది అమర్చవచ్చు. లేనిచో ఎముకపూరణ చేసి, కొన్ని నెలలు ఆగాలి. మొదటి వైఫల్యానికి కారణం తొలగకపోతే రెండవదానికీ అదే గతి పట్టవచ్చు. రెండవసారి అమర్చినవి నిలిచే అవకాశం మొదటివాటికన్నా కొంత తక్కువని అధ్యయనాలు సూచిస్తున్నాయి. బ్రిడ్జి, తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు ప్రత్యామ్నాయాలు.

5. సమ్మతి - భాష:
చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ముఖ్యమైన ప్రమాదాలు తెలిపిన తరువాతనే సమ్మతి చెల్లుబాటవుతుందని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. రోగికి అర్థం కాని భాషలోని పత్రంపై సంతకం ఈ ఉద్దేశాన్ని నెరవేర్చదు.

6. ముగింపు:
'ఇంప్లాంటు' అన్న పదానికి సంస్కృత సమాసాన్ని కల్పించడంకన్నా 'తొడుగు ఊడింది', 'స్క్రూ వదులైంది', 'ఎముకలోని ఇంప్లాంటు కదిలింది' అని విడదీసి చెప్పడం ప్రయోజనకరం. మొదటి రెండింటికి మరమ్మతు చాలవచ్చు; మూడవదానికి శస్త్రచికిత్స కావాలి. ఆ భేదాన్ని రోగి తన భాషలో గ్రహించినప్పుడే అతని అంగీకారం నిజమైన అంగీకారమవుతుంది. వైద్యపరిభాషా నిర్మాణంలో తెలుగు అధ్యాపకులు, పరిశోధకులు చేపట్టదగిన పని ఇది.