ఉన్నత పాఠశాలలో విజ్ఞాన మండలులు

ఉన్నత పాఠశాలలో తరగతి బోధనతో పాటు అనేక సంఘములు నడచుచుండును. స్కౌటు దళము, ఎన్.సి.సి., జూనియర్ రెడ్ క్రాస్, సాహితీ సంఘము, హరిత సేన, విజ్ఞాన మండలి మొదలగునవి ఇట్టివి. వీనిలో విజ్ఞాన మండలికి, అనగా సైన్సు క్లబ్బునకు, ఒక ప్రత్యేకత కలదు. తక్కిన సంఘములలో విద్యార్థి చాలవరకు తాను నేర్చిన దానిని అభ్యసించును, ప్రదర్శించును. విజ్ఞాన మండలిలోనో, తనకును, ఒక్కొక్కప్పుడు తన ఉపాధ్యాయునకును తెలియని దానిని కనుగొనుటకు పూనుకొనును. ఈ పని జరిగినచోట మండలి నిలుచును. అట్టతో నమూనాలు చేసి ప్రదర్శనకు పంపుటతో సరిపెట్టుకొన్నచో, ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవము ముగియుటతోనే మండలి పనియు ముగియును.

మండలుల పూర్వ చరిత్ర

అమెరికాలో పాఠశాలల విజ్ఞాన మండలులను ఒక్కచోట చేర్చుటకు 1941లో 'సైన్స్ క్లబ్స్ ఆఫ్ అమెరికా' అను సంస్థ ఏర్పడినది. మరుసటి సంవత్సరమే అక్కడ విజ్ఞాన ప్రతిభాన్వేషణ పోటీలు ఆరంభమైనవి. భారతదేశమున డాక్టర్ లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952లో నియమింపబడిన మాధ్యమిక విద్యా సంఘము, తరగతి వెలుపలి కార్యక్రమములు విద్యలో అంతర్భాగమేనని 1953లో తన నివేదికయందు స్పష్టము చేసినది. 1961లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఏర్పడినది. 1963లో అది ప్రారంభించిన విజ్ఞాన ప్రతిభాన్వేషణ కాలక్రమమున ఇతర విషయములకును విస్తరించి, 2021లో నిలిపివేయబడినది. 1993 నుండి జరుగుచున్న జాతీయ బాలల విజ్ఞాన కాంగ్రెసు వేరొక మార్గమును చూపినది. అందు పిల్లలు చిన్న బృందములుగా ఏర్పడి, తమ ఊరి సమస్య నొకదానిని తామే పరిశీలించి ఫలితములను చెప్పవలెను. మండలి పనికి ఇదియే సరియైన దారి.

బడి సంవత్సరము, పంట సంవత్సరము

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానము ప్రత్తికి, మిరపకు పేరుపొందినది. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో ఈ మైదానములో కొంత భాగము పల్నాడు, బాపట్ల జిల్లాలలో చేరినది. ఇచ్చటి బడులకు తక్కిన చోట్ల సులభముగా దొరకని సౌకర్యము ఒకటి కలదు. బడులు జూన్‌లో తెరచి ఏప్రిల్‌లో మూయుదురు. తొలకరి వానలు పడగానే ప్రత్తి విత్తుదురు. జులై, ఆగస్టులలో మిరప నారు పోసి, అటుపిమ్మట నాటుదురు. శీతకాలములో ప్రత్తి తీతలు, సంక్రాంతి తరువాత మిరప కోతలు ముమ్మరమగును. వేసవి సెలవులు వచ్చునప్పటికి ఎండిన కాయలు బస్తాలకెక్కి గుంటూరు మిరప యార్డునకు చేరుచుండును. అనగా విత్తు మొదలు బస్తా వరకు పంట కథ అంతయు ఒకే బడి సంవత్సరములో నడచును. తొమ్మిదవ తరగతి విద్యార్థి దానిని మొదటినుండి చివరివరకు కొలువవచ్చును. ఇందుకు ఖరీదైన పరికరములు అక్కరలేదు.

వాన, విత్తనము, నేల

జూన్‌లో మొదటి పని వానను కొలుచుట. మూతి, అడుగు ఒకే వెడల్పు గల డబ్బాను చెట్లకు, గోడలకు దూరముగా ఆరుబయట నిలుపవలెను. అందు చేరిన నీటి లోతే వాన కొలత. డబ్బా సన్నదైనను, వెడల్పైనను లోతు మారదు. ఏలయన మూతి ఎంత పెద్దదైన అంత నీరు ఎక్కువ పడును, అంత వెడల్పు అడుగున పరచుకొనును. ప్రతిదినము ఉదయము 8.30 గంటలకు కొలిచి వ్రాయవలెను. 1 మిల్లీమీటరు వాన యనగా చదరపు మీటరునకు 1 లీటరు నీరు. ఎకరమునకు సుమారు 4,047 చదరపు మీటర్లు గనుక, 25 మిల్లీమీటర్ల వాన ఎకరముపై ఒక లక్ష లీటర్లకు పైగా నీరు కురిపించినట్లు లెక్క.

రెండవది మొలక పరీక్ష. ఇంటిలో దాచిన విత్తనములను 100 లెక్కించి, తడి గుడ్డలో వరుసగా పేర్చి చుట్టి నీడన ఉంచవలెను. కొన్ని దినములు గడచిన పిమ్మట మొలచిన వానిని లెక్కింపగా వచ్చు సంఖ్యయే మొలక శాతము.

మూడవది నేల పరీక్ష. నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వారును. దానియందలి ఒక జాతి బంకమన్ను కణములు పొరలు పొరలుగా ఉండి, ఆ పొరల నడుమకు నీటిని చేర్చుకొనుటయే దీనికి కారణము. తడి మట్టిని 10 సెంటీమీటర్ల పొడవుగల అచ్చులో నింపి ఎండనిచ్చి, కడ్డీ పొడవును తిరిగి కొలువవలెను. అది 8.5 సెంటీమీటర్లకు తగ్గినచో సంకోచము 15 శాతము. చెరువు మట్టి, ఎర్రమట్టి, రేగడి మూడింటిని పోల్చినచో, భూగోళ పాఠమందలి మాట చేతికి తెలియును.

పురుగును లెక్కించుట

మండలి చేయగల పనులలో ఊరికి ఎక్కువ ఉపకరించునది పురుగుల లెక్క. దీని విలువను 1987 నాటి అనుభవము చెప్పుచున్నది. ఆ ఏట గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ప్రత్తిపై తెల్లదోమ విజృంభించినది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను పదే పదే చల్లుటచే తెల్లదోమను తిను మేలుచేయు పురుగులు నశించి, తెల్లదోమ మాత్రము మరింత పెరిగినది. పంట పోయి, మందుల అప్పు మిగిలి, కొందరు రైతులు ప్రాణములు తీసికొనిరి. పురుగు కనబడినంతనే మందు కొట్టుట కాక, అది ఎంత ఉన్నదో తెలిసికొని నిర్ణయించుట ఎంత అవసరమో ఈ విషాదము చాటినది.

లెక్క కట్టు పద్ధతి సులభము. పొలములో మూలనుండి మూలకు నడచుచు 20 మొక్కలను ఎంచుకొనవలెను. బాగున్న మొక్కలను గాని, చెడిన మొక్కలను గాని ఏరరాదు; ఇన్ని అడుగులకు ఒకటి యని ముందే నిశ్చయించుకొనవలెను. ఒక్కొక్క మొక్కకు పైన, నడుమ, క్రింద ఒక్కొక్క ఆకు చొప్పున మెల్లగా త్రిప్పి, అడుగుభాగమున ఉన్న తెల్లదోమలను లెక్కింపవలెను. 60 ఆకులపై 150 దోమలున్నచో సగటు ఆకునకు 2.5. సాధారణముగా ఆకునకు 6 నుండి 8 వరకు ఉన్నప్పుడే మందు అవసరమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు సూచింతురు. కావున ఆ దినమున తెల్లదోమ కొరకు మందు అక్కరలేదన్నమాట. ఒక పిచికారి తప్పిన రైతునకు డబ్బు మిగులును, మేలుచేయు పురుగులును మిగులును.

గులాబీరంగు కాయతొలుచు పురుగును ఆకులపై వెదకి ప్రయోజనము లేదు. అది కాయ లోపల ఉండును. 2002లో అనుమతి పొందిన బి.టి. ప్రత్తి మొదట దీనిని అణచినను, కాలక్రమమున పురుగు దానిని తట్టుకొను శక్తిని సంపాదించినది. దీని జాడ తెలిపెడునవి లింగాకర్షక బుట్టలు. ఆడ రెక్కలపురుగు వాసనను పోలిన పదార్థమును వీనిలో ఉంచగా మగవి వచ్చి చిక్కుకొనును. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున పడినచో అది హెచ్చరిక. రేకులు విచ్చుకొనక ముడుచుకొన్న గుడ్డిపూలు కనబడుటయు అట్టి హెచ్చరికయే.

మిరపలో లెక్క మరియొక మేలు చేయును. 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు మిరపను తీవ్రముగా దెబ్బతీసినది. భారతదేశములో ఇది మొదట బెంగళూరు వద్ద బొప్పాయిపై కనబడినట్లు 2015లో వెల్లడియైనది. మిరప తోటలలో ఇది పూలలో దాగియుండును. వారమునకొకసారి పూలను తెల్లకాగితముపై దులిపి లెక్కించు పిల్లలకు, ఎన్నడును చూడని పురుగు వచ్చినచో వెంటనే తెలియును. దానిని సీసాలో భద్రపరచి ఊరి వ్యవసాయ అధికారికి చూపవలెను. గుంటూరు చేరువ లాం గ్రామమున 1922 నుండి వ్యవసాయ పరిశోధన సాగుచున్నది, ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము కేంద్ర కార్యాలయము కూడ అచ్చటనే కలదు. నిపుణుల సలహా ఇంత చేరువలో లభించుట ఈ ప్రాంతపు మండలులకు ఒక అదృష్టము.

కల్లములో లెక్కలు

పండు మిరపలో నూటికి 75 పాళ్లు నీరున్నదనుకొందురేని, 100 కిలోలలో అసలు పదార్థము 25 కిలోలు. 10 శాతము తేమ మిగులునట్లు ఎండబెట్టినచో తూకము సుమారు 27.8 కిలోలగును. ఒక కిలో కాయలను వేరుగా ఆరబోసి ప్రతిసాయంకాలము తూచి గీతపటము గీసినచో, మొదట వేగముగాను, పిదప నెమ్మదిగాను తేమ పోవు తీరు కనబడును. తేమ మిగిలిన కాయలకు బూజు పట్టును. కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అను విషమును పుట్టించును. ఎగుమతి సరకును ఈ విషము కొరకు పరీక్షించుట అందుచేతనే.

ప్రత్తిలో 100 గ్రాముల నుండి గింజలను చేతితో వేరుచేసి తూచినచో, దూది మూడవ వంతుకు అటునిటుగా వచ్చును. పింజను నల్ల పలకపై చాచి మిల్లీమీటర్లలో కొలిచినచో పింజ పొడవు తెలియును.

ఈ పనులలో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మందు చల్లిన పొలమున పిల్లలు అడుగుపెట్టరాదు. మందు డబ్బాలను తాకరాదు. మిరప కారము నీటిలో కరగదు, నూనెలో కరగును; కావున కాయలు పట్టిన చేతులకు నూనె రాసి, పిదప సబ్బుతో కడుగుకొనవలెను.

ఎవరు సభ్యులు?

మండలిలో ఎవరిని చేర్చుకొనవలెనను ప్రశ్న చిన్నది కాదు. అమెరికాలో ఉన్నత పాఠశాలల ప్రధానాచార్యుల సంఘము 1921లో 'నేషనల్ ఆనర్ సొసైటీ'ని స్థాపించినది. చదువు, సేవ, నాయకత్వము, శీలము అను నాలుగు గుణములను చూచి అందు చేర్చుకొందురు. అయినను తొలి మెట్టు మార్కులే. ఇక్కడి బడులలో అట్టి సంఘము లేకున్నను, మొదటి వరుస మార్కుల వారినే మండలికి ఎంచు అలవాటు చాలచోట్ల కలదు.

ఈ మైదానములో ఆ అలవాటు వలన నష్టము ఎక్కువ. కోతల కాలమున కూలి కుటుంబముల పిల్లలు కొందరు బడికి రాలేరు. కర్నూలు ప్రాంతపు పడమటి మండలములనుండి మిరప కోతలకు వలసవచ్చు కుటుంబముల వెంట పిల్లలును వత్తురు. హాజరు తగ్గగా మార్కులును తగ్గును. కాని గుడ్డిపువ్వును చూచినంతనే గుర్తుపట్టునదియు, కాయ ఎండినదో లేదో చేతితో విరిచి చెప్పగలదియు ఈ పిల్లలే. పొలము తెలిసినవారిని బయట ఉంచి పొలమును గూర్చి మండలి నడుపుట తెలివైన పని కాదు.

కావున సభ్యత్వమునకు మార్కులు కాక పని ఆధారము కావలెను. ఏదేని ఒక కొలతను మూడు నెలలు క్రమముగా వ్రాసినవారెవరైనను సభ్యులే. ఇద్దరిద్దరిని జతగా ఉంచినచో, ఒకరు రాని దినమున రెండవవారు వ్రాయుదురు. బాలికలను కేవలము పుస్తకము నింపుటకు కాక, పొలము పనికిని సమానముగా పంపవలెను. సంవత్సరాంతమున గౌరవ పత్రము, అందమైన నమూనాకు కాక, తెంపు లేని లెక్కకు ఇయ్యవలెను.

మండలి పుస్తకము

మండలికి 15 నుండి 20 మంది చాలును. వారమునకొకసారి సమావేశము, అధ్యక్షత విద్యార్థిది. ఉపాధ్యాయుడు సమాధానము చెప్పుటకు తొందరపడక, "ఎట్లు లెక్కించితిరి?" అని అడుగుచుండిన చాలును. అన్నింటికంటె ముఖ్యమైన ఆస్తి ఒక గట్టి అట్ట పుస్తకము. తేది, పొలము, లెక్క, వ్రాసినవారి పేరు అందు ఉండవలెను. పురుగు లేనినాడు సున్న వ్రాయవలెను. గడి ఖాళీగా విడిచినచో పురుగు లేదో, పిల్లవాడు వెళ్లలేదో తరువాత ఎవరికిని తెలియదు. తప్పు వ్రాసినచో చెరిపివేయక, అడ్డగీత గీసి ప్రక్కన సరియైనది వ్రాయవలెను.

ఒక ఏటి లెక్క ఆ ఏటి పంటకు ఉపకరించును. అయిదేండ్ల లెక్కలు ఒక్కచోట ఉన్నచో, ఏ వానకు ఏ పురుగు వచ్చునో, ఏ నెలలో దాని కొరకు కనిపెట్టి ఉండవలెనో ఆ ఊరికి తెలియును. కావున పదవ తరగతి వారు ఏప్రిల్‌లో బడి విడుచునప్పుడు పుస్తకమును తొమ్మిదవ తరగతి వారికి అప్పగించి, కొలత పద్ధతిని పొలములో చూపి పోవలెను. జూన్‌లో క్రొత్త మండలి మొదటి సమావేశము, పోయిన ఏటి మొదటి వానను చదువుటతో ఆరంభము కావలెను.