చూస్తే నలుపు.. తాగితే డికాక్షన్!

నల్లగా ఉంది కదా, ఒక్క గ్లాసుకే తల తిరుగుతుందేమో అనుకుంటారు చాలామంది. అదేం లేదు. ఐర్లాండ్‌లోని కార్లో కౌంటీలో తయారయ్యే ఓహారాస్ స్టౌట్‌లో ఆల్కహాల్ 4.3 శాతమే. మన స్ట్రాంగ్ బీర్లు 8 దాకా పోతాయి! (21 నిండని తమ్ముళ్లూ, ఇది మీకు కాదు.) ఆ రంగూ, ఆ చేదూ మాడీ మాడకుండా వేయించిన బార్లీవి. మొదటి గుక్కలో నాకు చక్కెర వేయని డికాక్షనే గుర్తొచ్చింది. తీపి దాదాపు ఉండదు, అందుకే 'డ్రై' అంటారు. గ్లాసుని లైటుకి ఎదురుగా పట్టుకుంటే అంచుల్లో ఎర్రగా మెరుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీశాక పది నిమిషాలు ఆగండి. మరీ చల్లగా ఉంటే ఆ కాఫీ వాసన తెలియదు. ఐర్లాండ్ వాళ్లు దీంతో ఆయిస్టర్లు తింటారు. నాకైతే నంజుకోడానికి వేయించిన పల్లీలు చాలు.