ఇంజనునకు నీరొక్కటియే చాలదు

పెట్రోలుగాని డీజిలుగాని సిలిండరులో దహనమగునపుడు అచటి జ్వాలల ఉష్ణోగ్రత 2,000 డిగ్రీల సెల్సియస్‌ను మించును. నేటి ఇంజనులలో విరివిగా వాడబడు అల్యూమినియమో, 660 డిగ్రీలకే కరగిపోవు లోహము. అయినను, అంతటి అగ్నిని గర్భమున ధరించిన ఆ యంత్రము కరగక, వంగక, మండువేసవిలో సైతము మనలను హైదరాబాదునుండి విజయవాడకు సుఖముగా చేర్చుచున్నదన్నచో, అందులకు కారణము దాని గోడల నడుమ గుప్తముగా ప్రవహించు కొద్ది లీటర్ల ద్రవమే. ఇంధనము మండుటచే పుట్టిన శక్తిలో ఇంచుమించు మూడవవంతు చక్రములను చేరక, ఈ ద్రవము మూలముగనే వేడిమియై వెలుపలికి పోవలసియున్నది. ఇంతటి భారమును నిత్యము మోయు కూలెంటును గూర్చి, పెట్రోలు ధరను పైసలతో సహా గుర్తుంచుకొను గృహస్థులు సైతము విచారించుట అరుదు.

వేడిమిని గ్రహించుటలో, సులభముగా లభించు ద్రవములయందు నీటికి సాటి వచ్చునది లేదు. కావుననే తొలినాటి కార్లలో నీటినే పోసిరి; మన రహదారులపై అంబాసిడర్లు తిరిగిన కాలమున డ్రైవర్లు త్రోవలో దొరకిన బావినీటితోనో కాలువనీటితోనో రేడియేటరును నింపుకొని సాగిపోయెడివారు. కాని నీటియందు మూడు దోషములు కలవు. 100 డిగ్రీలకే అది మరగి ఆవిరియగును. సున్న డిగ్రీలకు గడ్డకట్టి, ఉబ్బి, ఇనుపదిమ్మెనైనను బీటలువార్చును. లోహమును తాకియున్నంతకాలము దానిని తుప్పు పట్టించుచునే యుండును.

మొదటి రెండు దోషములను తీర్చినది ఎథిలీన్ గ్లైకాల్ అను రసాయనము. ఫ్రెంచి రసాయనవేత్త షార్ల్ అడాల్ఫ్ వుర్ట్జ్ 19వ శతాబ్దిమధ్యమున తొలుత దీనిని తయారుచేసెను. 1927లో అమెరికాయందు ప్రెస్టోన్ అను పేరుతో ఇది కార్ల కొరకు విపణిలోనికి వచ్చెను. సమభాగములుగా నీటితో కలిపినపుడు ఈ మిశ్రమము సున్నకు దిగువ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. 107 డిగ్రీల వరకు మరగదు. ఆపై, వంటింటి కుక్కరులో వలెనే, రేడియేటరు మూత లోపలి పీడనమును నిలిపి ఉంచుటచే మరుగుస్థానము మఱింత పైకి పోవును. అట్లని నీరు కలపని గ్లైకాలే శ్రేష్ఠమని తలపరాదు: దానికి వేడిమిని మోయు శక్తి నీటికంటె చాల తక్కువ, పైగా ఒంటరిగా నున్నపుడు అది సున్నకు దిగువ 13 డిగ్రీలకే గడ్డకట్టును.

లంబసింగి వంటి ఒకటి రెండు చోట్ల తప్ప నీరు గడ్డకట్టు చలి మనకు లేదు గావున, కూలెంటు లడఖ్ వారికే గాని మనకేల యని వాదించువారు కలరు. ఈ వాదము మూడవ దోషమును విస్మరించుచున్నది. ఇంజనునందు అల్యూమినియము, పోతయినుము, ఉక్కు మొదలగు భిన్నలోహములు ఒకే ద్రవమున మునిగియుండును. అట్టి చోట విద్యుద్రసాయనిక చర్య పుట్టి ఒక లోహము క్షయించుచుండును. మన యిండ్లలో పాత్రల అడుగున సున్నపు పెచ్చు కట్టించు బోరునీరు రేడియేటరు సన్ననాళములలోను అదే పని చేయును. పెచ్చు దళసరి యగుకొలది వేడిమి వెలుపలికి పోవు మార్గము మూసికొనిపోవును. ఈ క్షయమును వారించుటకే కూలెంటులో తుప్పునిరోధక ద్రవ్యములను చేర్చుదురు. మన ప్రాంతమున కూలెంటునకు గల ముఖ్యప్రయోజనము ఈ లోహరక్షణమే. ఎన్నిక యందును పోషణ యందును మనము చూడవలసినది దానినే.

ఈ రక్షణద్రవ్యములు స్థూలముగా మూడు తెఱగులు. సిలికేటు, ఫాస్ఫేటు మొదలగు లవణములతో చేసిన ప్రాచీనవిధము లోహముపై త్వరగా పొర కట్టును గాని, రెండేండ్లకే శక్తి కోల్పోవును. సేంద్రియామ్లములతో చేసినది క్షయము మొదలగు చోటనే పనిచేయుచు ఐదేండ్ల వరకు నిలుచును. మూడవది ఈ రెండింటి మేళవింపు. అందును దేశభేదము కలదు: కఠినజలముతో కలిసి ఫాస్ఫేటు అడుగున పేరుకొనునని ఐరోపా కంపెనీలు దానిని మాని సిలికేటును గ్రహించినవి, జపాను, కొరియా కంపెనీలు సిలికేటును మాని ఫాస్ఫేటును ఆదరించినవి. మన వీథులలో ఈ దేశములన్నిటి కార్లును తిరుగుచున్నవి గావున, పొరుగువాని కారునకు మేలైనది మన కారునకు మేలు కావలెనను నియమము లేదు.

ఆకుపచ్చ, ఎరుపు, నీలము అను రంగులను బట్టి ఎన్నుకొనుట మఱియొక ప్రమాదము. రంగు కేవలము కలిపిన వర్ణద్రవ్యము. ఒకే రంగులో భిన్నజాతులును, ఒకే జాతిలో భిన్నవర్ణములును లభించును. కారుతో వచ్చిన పుస్తకములో తయారీదారు నిర్దేశించిన ప్రమాణమును చూచి, అదియే డబ్బాపై నున్నదా యని సరిపోల్చుకొనుటయే ఏకైకమార్గము. నేరుగా పోయదగినదా, నీరు కలుపవలసిన గాఢద్రవమా యన్నదియు చదువవలెను. కలుపవలసివచ్చినచో డిస్టిల్డ్ వాటరునే వాడవలెను. రెండు జాతులను కలిపినచో నిరోధకద్రవ్యముల శక్తి క్షీణించును; కొన్ని కలయికలు చిక్కని మడ్డియై నాళములను మూయును.

పోషణ కష్టసాధ్యము కాదు. నెలకొకమారు, ఇంజను చల్లగా నున్నపుడు, రిజర్వు ట్యాంకుపై గల రెండు గీతల నడుమ మట్టమున్నదేమో చూచిన చాలును. మాటిమాటికి తగ్గుచున్నచో ఎచటనో కారుచున్నదని అర్థము. పోసికొనుచు పోవుట చికిత్స కాదు. గోధుమవర్ణము తుప్పునకు గుర్తు. నూనెతెట్టు హెడ్ గాస్కెట్ చెడినదనుటకు సూచన. తిరిగిన కిలోమీటర్లు స్వల్పమైనను పుస్తకము చెప్పిన కాలము తీరగనే పాతద్రవమును తీసివేసి, లోపల కడిగించి, గాలి చిక్కుకొనకుండ క్రొత్తది నింపించవలెను.

శ్రీశైలము ఘాటు నెక్కునపుడు టెంపరేచరు ముల్లు పైకి పోయినచో, ఏసీ నిలిపివేసి, కారును ప్రక్కకు ఆపి, ఇంజను చల్లారువరకు ఓపికపట్టవలెను. వేడిగా నున్నపుడు మూత తీసినయెడల పీడనము ఒక్కసారిగా తొలగి, ద్రవము ఆవిరియై ముఖముపైకి ఎగజిమ్మును. గత్యంతరము లేనిచోట, చల్లారిన పిమ్మట త్రాగునీరు పోసి గమ్యము చేరవచ్చును. చేరిన వెంటనే సరియైన కూలెంటు నింపించుట మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక యొకటి మిగిలియున్నది. గ్లైకాల్ రుచికి తీయగా నుండు విషము. కడుపులోనికి పోయిన పిమ్మట అది ఆక్సాలికామ్లముగా మారి, మూత్రపిండములలో స్ఫటికములై పేరుకొని ప్రాణమునకే ముప్పు తెచ్చును. మిగిలిన కూలెంటును శీతలపానీయముల సీసాలలో దాచుట, పాతదానిని వీథి కాలువలో పారబోయుట పసిపిల్లలకును మూగజీవులకును మృత్యువును సిద్ధపరచుటయే. ఎవరైనను పొరపాటున మ్రింగినచో, లక్షణములు కనబడువరకు వేచియుండక తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను.

వేడెక్కి వంగిన సిలిండరు హెడ్డును బాగుచేయించుటకగు వ్యయముతో పోల్చినచో కూలెంటు వెల అత్యల్పము. రాబోవు సర్వీసింగు నాడు మెకానిక్కును రెండు ప్రశ్నలడుగుడు: ఏ ప్రమాణపు ద్రవమును పోయుచున్నారు, దానిలో ఏ నీటిని కలిపినారు? ఈ రెండింటికిని తృప్తికరమైన సమాధానము లభించిన పిమ్మటనే బానెట్ మూయనిండు.