'ప్రేమాభిషేకం'లో ఈ సీను లేదు!

ఈ మంగళవారం ఉదయం ఆరున్నరకి నాకు కాల్షీటు ఉంది. మేకప్ లేదు. డైలాగులు లేవు. సుమారు పది గంటలు కదలకుండా పడుకోవాలి, అంతే. ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి ఆ షెడ్యూలు పూర్తయిపోయి ఉంటుంది.

ఇదేదో పబ్లిసిటీ స్టంటు అనుకునేరు! నాకు నిజంగానే కేన్సరు.

మన సినిమాల్లో కేన్సరంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? హీరో దగ్గుతాడు. జేబురుమాలు తీసి చూసుకుంటాడు. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. 1971లో హిందీ 'ఆనంద్' వచ్చింది, రాజేష్ ఖన్నా నవ్వుతూనే వెళ్ళిపోయాడు. 1981లో దాసరిగారి 'ప్రేమాభిషేకం' వచ్చింది. తనకి కేన్సరని తెలిసిన అక్కినేని, ప్రేమించిన శ్రీదేవి తనని అసహ్యించుకోవాలని నాటకమాడితే హాళ్ళన్నీ తడిసిపోయాయట. అప్పటికి నేను పుట్టలేదు, మా అమ్మ చెప్పగా విన్నదే. కానీ ఒక్కటి గమనించారా? ఈ హీరోలెవ్వరూ ఆపరేషనుకి తయారవ్వలేదు. పొద్దున్నే లేచి మూడు గుడ్ల తెల్లసొన మింగలేదు. ఆ పనులన్నీ ఆరు వారాలుగా నేను చేస్తున్నాను.

నా జబ్బు పేరు 'సూడోమిక్సోమా పెరిటోనియై'. మొదటిసారి విన్నప్పుడు ఎవరో ఇటలీ హీరోయిన్ అనుకున్నాను! పది లక్షల మందిలో ఏడాదికి ఇద్దరికో ముగ్గురికో వస్తుందట. ఎక్కువగా అపెండిక్సులో మొదలవుతుంది. అక్కడ చిన్న గడ్డ పగిలి జిగురులాంటి పదార్థం పొట్టలోకి జారుతుంది. దాంతోపాటు వచ్చిన కణాలు పేగుల మీదా, పొట్ట లోపలి పొర మీదా మకాం పెట్టి, మరింత జిగురు తయారుచేస్తూ కూచుంటాయి. తొందరలేదు, హడావుడి లేదు. ఏళ్ళ తరబడి పొట్ట నింపుతాయి.

నాకు పొట్ట పెరుగుతుంటే క్రిష్ణానగర్ కుర్రాళ్ళు, "ఏంటన్నా, నిర్మాతవైపోతున్నావ్!" అని ఆటపట్టించారు. నేనూ నవ్వాను. ఒక డాక్టరుగారు గ్యాసని ఆర్నెల్లు మాత్రలిచ్చారు. చివరికి గజ్జల్లో హెర్నియా అని వెళితే, దాని కోసం తీసిన స్కానింగులో అసలు కథ బయటపడింది.

సర్జనుగారిని నేనడిగిన మొదటి ప్రశ్న చెబితే మీరు నవ్వుతారు.

"నెమ్మదిగా పెరిగేదే అంటున్నారు కదండీ, సంక్రాంతి సినిమాలు చూసుకుని వస్తాను!"

ఆయన నవ్వలేదు. "నెమ్మదిగా నడిచేవాడు ఆగిపోయినట్టు కాదు కదండీ. ఇవాళ అయితే పేగుని కాపాడగలను. ఏడాది తర్వాత ఎంత మిగులుతుందో చెప్పలేను" అన్నారు.

ఆ తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. రొమ్ము ఎముక కింద మొదలుపెట్టి పొత్తికడుపు దాకా కోత. కంటికి కనబడే ప్రతి మచ్చనీ ఏరి తీసెయ్యాలి. పొట్ట లోపలి పొర, పేగుల మీద వేలాడే కొవ్వు పొర, అవసరమైతే ప్లీహం, పిత్తాశయం, పేగులో కొంత ముక్క. అదయ్యాక నలభై ఒకటి నుంచి నలభై మూడు డిగ్రీల వరకూ వేడిచేసిన కేన్సరు మందుని గంటా గంటన్నరసేపు పొట్టలో తిప్పుతారు. కంటికి కనబడని కణాల కోసం ఆ వేడి. వాషింగ్టన్‌లో పాల్ షుగర్‌బేకర్ అనే సర్జన్ ఈ పద్ధతిని ఓ దారికి తెచ్చాడు. విదేశాల్లో రోగులు దీనికి 'ఆపరేషన్లకే అమ్మ' అని పేరు పెట్టుకున్నారు!

'రోమన్ హాలిడే' రాకుమారి ఆడ్రే హెప్‌బర్న్‌ని తీసుకుపోయింది కూడా ఈ కోవ జబ్బే. 1992 సెప్టెంబరులో యునిసెఫ్ తరఫున సోమాలియా వెళ్ళి కరువు పిల్లల్ని ఎత్తుకుంది. తిరిగొచ్చాక కడుపు నొప్పి. నవంబరులో లాస్ ఏంజిలిస్‌లో పొట్ట తెరిచి చూస్తే అపెండిక్సులో మొదలై అంతటా పాకిపోయి ఉంది. 1993 జనవరి 20న స్విట్జర్లాండులోని తన ఇంట్లో కన్నుమూసింది. అరవై మూడేళ్ళు. ఈ వేడి మందు పద్ధతి అప్పటికింకా బాల్యంలోనే ఉంది. ఆ మాట తలుచుకున్న రోజు నాకు నిద్రపట్టలేదు. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా జబ్బు పడ్డందుకు సంతోషించాలో ఏమిటో!

ఇంతకీ తయారీ సంగతి. సిగరెట్లు మానేశాను. రోజూ నలభై నిమిషాలు నడక. "కండ ఉన్నవాడు త్వరగా లేస్తాడు" అంటుంది డైటీషియనమ్మ. ప్లీహం తీసెయ్యాల్సి వస్తే ఒంట్లో కాపలా తగ్గుతుంది కనక, న్యుమోనియా, మెదడువాపు లాంటివి రాకుండా ముందే టీకాలు వేశారు. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటిచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గట్టిగా గాలి పీలిస్తే బంతులు లేవాలి. ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా ఇప్పట్నుంచే రిహార్సల్సు. మొదట ఒక బంతే లేచింది. ఇప్పుడు మూడూ లేస్తున్నాయి!

రక్తం సిద్ధంగా ఉంచుకోవాలన్నారు. 1998లో చిరంజీవి బ్లడ్‌బ్యాంక్ మొదలైన దగ్గర్నుంచీ అభిమానులకి రక్తమివ్వడం అలవాటైన పనేగా! నన్ను నిర్మాతవన్న కుర్రాళ్ళే ఐదుగురు వచ్చారు. వాళ్ళలో ఇద్దరు వేర్వేరు హీరోల అభిమానులు. పక్కపక్క మంచాల మీద పడుకుని కలెక్షన్ల గురించి పోట్లాడుకుంటూనే రక్తమిచ్చారు.

నన్ను నిజంగా భయపెట్టింది కోత కాదు, ఒక చిన్న పెన్నుగుర్తు. పేగు కొంత తీసేస్తే, కుట్లు మానేదాకా పొట్ట మీద దారి చేసి సంచి తగిలిస్తారట. చాలామందికి కొన్ని నెలలే. కొందరికి అసలు అవసరమే రాదు. అయినా గుర్తు ముందే పెట్టాలి. నర్సుగారు నన్ను కూచోబెట్టింది, నుంచోబెట్టింది, వంగమంది.

"ప్యాంటు ఎక్కడ కట్టుకుంటారు? బెల్టు తగలకుండా ఉండాలి" అంది.

అంత మామూలుగా అడిగేసరికి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చూడనట్టే గుర్తు పెట్టి, మూత బిగించి, పెన్ను జేబులో పెట్టుకుంది.

అమ్మకి పదిహేను రోజులు చెప్పలేదు. అచ్చం అక్కినేనిలా దాచాను! కానీ ఊర్నుంచి వచ్చిన రెండో రోజునే ఆ బంతుల డబ్బా ఆవిడ కంటబడింది. "ఇదేం బొమ్మరా?" అంది. ఏదో కోశాను. డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నుంచుంది. "ప్రేమాభిషేకం మూడుసార్లు చూసినదాన్ని. నా దగ్గర ఆ వేషాలు వెయ్యకు నాన్నా" అంది. అంతా చెప్పాను. ఆ రాత్రి వంటింట్లో లైటు చాలాసేపు వెలిగింది. తెల్లారి లేచేసరికి గుడ్లు ఉడుకుతున్నాయి. మా ఇంట్లో గుడ్డు వండటం అదే మొదటిసారి!

ఆవిడే గుర్తుచేసింది. అదే అక్కినేని 2013 అక్టోబరులో పత్రికల వాళ్ళందర్నీ పిలిచి, తనకి కేన్సరు వచ్చిందని తానే చెప్పారు. తెర మీద దాచినాయన బయట దాచలేదు. 'మనం'లో తన పాత్రకి డబ్బింగ్ కూడా మంచం దగ్గర నుంచే పూర్తిచేశారు. 2014 జనవరి 22న వెళ్ళిపోయారు. సినిమా మే నెలలో వచ్చింది. "ఆ వయసులో ఆయనకే లేని సిగ్గు నీకెందుకురా?" అంది అమ్మ. అందుకే ఇది రాస్తున్నాను.

సర్జనుగారు లెక్కలు కూడా చెప్పారు. మొత్తం తీసెయ్యగలిగితే చాలామంది పదేళ్ళు దాటి బతుకుతున్నారు. తెరిచి చూశాక అన్నీ తియ్యలేకపోవచ్చు కూడా. ఏ సంగతీ మంగళవారం సాయంత్రం దాకా ఆయనకీ తెలీదు. ఒప్పంద కాగితాల మీద సంతకాలు పెట్టేటప్పుడు బావ చెయ్యి వణికింది, నాది వణకలేదు. నాకే ఆశ్చర్యం!

సోమవారం నుంచి నీళ్ళూ మజ్జిగతేటే. అందుకని రేపు ఆదివారం మ్యాట్నీకి రెండు టికెట్లు తీసుకున్నాను. అమ్మకి చివరి సీటు కావాలిట, మోకాళ్ళ నొప్పి. పాప్‌కార్న్‌లో పీచు ఎక్కువని డైటీషియనమ్మ నాకు వద్దంది. ఆవిడ తింటుంది, నేను చూస్తాను.

సినిమా ఎలా ఉందో రాయడానికి మాత్రం నాకు కొంచెం టైమివ్వండి.