అడవి మంటలకు ఒక లెక్క ఉన్నదా?

అడవి తగులబడినదని విన్నప్పుడు పిడుగు పడినదా, ఎవరైన చుట్ట పారవేసిరా అని కారణము వెదకుదుము. ఏండ్ల తరబడి లేచిన మంటలన్నిటిని ఒకచోట చేర్చి లెక్కించినచో ఏమి కనబడును? మాలముడ్, మోరీన్, టర్కాట్ అను ముగ్గురు శాస్త్రవేత్తలు అమెరికాలో ఆ పని చేసి, 1998లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి.

వారు తీసుకొనిన వాటిలో 1986 నుండి 1995 వరకు ఆ దేశపు వన్యప్రాణి శాఖ భూములలో లేచిన 4,284 మంటలున్నవి. చిన్న మంటలు కోకొల్లలు, పెద్దవి అరుదు. ఇది మనమును ఎరిగినదే. అయితే ఆ తగ్గుదలకు ఒక క్రమమున్నది. ఎకరము మంటల నుండి పది ఎకరముల మంటలకు పోవునప్పుడు సంఖ్య ఎన్నవ వంతుకు తగ్గునో, నూరు నుండి వెయ్యికి పోవునప్పుడును దాదాపు అన్నవ వంతుకే తగ్గును! కనుక చిన్న మంటల లెక్క చూచి, పెద్దది సుమారు ఎన్నేండ్లకొకసారి రావచ్చునో అంచనా కట్టవచ్చును. ఏ సంవత్సరమున వచ్చునో మాత్రము చెప్పజాలరు.

ఇందుకు వారు కంప్యూటరులో ఒక ఆటవంటి అడవిని కల్పించిరి. చదరంగపు బల్లవలె గళ్ళు గీసి, ఒక్కొక్క గడిలో చెట్టు నాటుచు, అప్పుడప్పుడు ఒక అగ్గిపుల్ల వేయుదురు. పుల్ల చెట్టుపై పడినచో దానిని ఆనుకొనియున్న చెట్లన్నియు కాలును. పుల్లలు అరుదుగా వేసినచో చెట్లు దట్టముగా కలిసిపోయి, ఒక్కసారే అడవి అంతయు అంటుకొనును. చిన్న మంటలన్నిటిని ఆర్పుచుండుట మేలని తలంచువారు దీనిని గమనించవలెను.

యెల్లోస్టోన్ వనములో 1972 వరకు మంటలను ఆర్పుచు వచ్చిరి. 1988 వేసవిలో దాదాపు 7,94,000 ఎకరములు, అనగా వనములో మూడవ వంతుకు పైగా మంటలపాలయ్యెను. ఆర్పివేయుటయే కారణమని కొందరనిరి. అది పూర్తి నిజమని మాకు తోచదు. 1700 ప్రాంతమునను అక్కడ అంతటి మంటలు లేచినట్లు అడవిని పరిశోధించినవారు కనుగొనిరి. పైగా 1988 వేసవి మిక్కిలి అనావృష్టి గలది.

వాతావరణము మారినచో లెక్కయు మారును. వెస్టర్లింగ్, ఆయన సహచరులు 2006లో చూపినదేమనగా, అమెరికా పశ్చిమ అడవులలో 1987 నుండి 2003 వరకు పెద్ద మంటలు అంతకుముందటి పదునేడేండ్లకంటె దాదాపు నాలుగింతలైనవి. కొండలపై మంచు ముందుగా కరిగిన సంవత్సరములలోనే అవి అధికము. మంటల కాలము 78 దినములు పెరిగెను.