బుద్ధ విహారం దూరం... సెల్‌ఫోనే ఆధారం

ఖానాపూర్ మండలం బాదనకుర్తి గ్రామం గోదావరి రెండు పాయల నడుమ ఉన్నది. బుద్ధుని కాలంలో బావరి అనే పండితుని ఆశ్రమం ఇక్కడే ఉండేదని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

బావరి అప్పటికే పండు ముసలి. బుద్ధుని గురించి విని, తాను కదలలేక 16 మంది శిష్యులను పంపాడు. వారు పైఠాన్, ఉజ్జయిని, విదిశ, శ్రావస్తి మీదుగా మగధ చేరి బుద్ధుని దర్శించారు. వారిలో పింగియుడనే వృద్ధుడు తిరిగి వచ్చి సంగతులన్నీ గురువుకు విన్నవించాడు. అంతటి వానిని విడిచి ఎలా ఉండగలుగుతున్నావని బావరి అడిగితే, ఒంట్లో సత్తువ లేక పోలేను గాని మనసు ఆయన చెంతనే ఉన్నదని బదులిచ్చాడు. సుత్తనిపాతమనే పాళీ గ్రంథంలో ఈ కథ ఉన్నది.

నాటి ఇబ్బంది నేటికీ తీరలేదు. 1956 అక్టోబరు 14న నాగపూరులో డాక్టర్ అంబేద్కర్ బౌద్ధ దీక్ష తీసుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం మహారాష్ట్రలో బౌద్ధులు 65 లక్షల మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద 36 వేల పైచిలుకే. ఊరికి ఒకటి రెండు ఇళ్లుంటే పౌర్ణమి నాడు ఎవరితో కూర్చోవాలి? సికింద్రాబాదు మహేంద్ర హిల్స్ విహారానికి ఇక్కడి నుంచి 200 కిలోమీటర్ల పైమాటే. బస్సు చార్జీలు ఒక ఎత్తు, పోయిన కూలి మరో ఎత్తు.

ఈ కొరతను సెల్‌ఫోను కొంత తీరుస్తున్నది. కరోనా లాక్‌డౌన్‌లో 2020 మే 7న వచ్చిన వైశాఖ పౌర్ణమికి బుద్ధగయ, సారనాథ్, కుశీనగర్‌లలో జరిగిన పూజలు ఆన్‌లైన్‌లో ప్రసారమయ్యాయి. భిక్షువు అక్కడ త్రిశరణం, పంచశీల చెబుతుంటే ఇక్కడ ఇంట్లో కూర్చుని పలకవచ్చు. బీడీలు చుట్టే ఇల్లాలు చాట పక్కన ఫోను పెట్టుకొని ధర్మోపన్యాసం వినవచ్చు. పాళీ త్రిపిటకం తెలుగు లిపిలోనే ఉచితంగా చదువుకొనే వీలున్నది.

అయితే ఫోనుతో అన్నీ తీరవు. భిక్షువుగా ఉపసంపద పొందాలంటే దూర దేశాలలోనైనా కనీసం ఐదుగురు భిక్షువులు ఒకచోట కూడాలని వినయ నియమం. గృహస్థుల కష్టం వేరు. ఇంట్లో చావు జరిగితే పాత పద్ధతిలోనే కర్మ చేయాలని బంధువులు పట్టుబడతారు. అప్పుడు ఫోనులో సూత్రాలు వినిపించే వారు దొరుకుతారు. పాడె మోయడానికి మాత్రం పొరుగువారే కావాలి.

అందుచేత ఎవరింట్లో వారు వినడం కన్నా, నాలుగైదు ఊళ్ల వారు పౌర్ణమికొకసారి ఒక ఇంట కూడి, ఒకే ఫోను ముందు కూర్చోవడం మేలు. ముందుగా పేర్లు, ఫోను నంబర్లు ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. పక్క ఊళ్లో తమవారున్నారని తెలియక ఒంటరిగా ఉంటున్న వారికి ఆ పుస్తకమే తొలి ఆసరా.